నాటింగ్‌హామ్ ప్రశ్నలు, కాకినాడ ప్రశ్నలు

"ఉప్పు బోరు నీళ్లతో స్నానం చేస్తుంటే ఒళ్లంతా దురదండీ. ఈ నీళ్ల వల్లేనంటారా?" కాకినాడ తీరపు ఊళ్ల నుంచి వచ్చిన రోగి డాక్టరును ఇలా అడగడం మామూలే. డాక్టరు తన అనుభవంలోంచి ఓ సలహా చెబుతారు. బయట వరసలో ఇంకా ఎంతోమంది ఉంటారు కనుక మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇంగ్లండులో ఇలాంటి ప్రశ్ననే పట్టుకుని చివరిదాకా వెళ్లారు. కఠిన జలం వాడే ప్రాంతాల్లో పిల్లలకు ఎగ్జిమా ఎక్కువని గమనించి, నీటిని మెత్తబరిచే యంత్రం ఇంట్లో పెడితే తగ్గుతుందేమో చూద్దామనుకున్నారు. నాటింగ్‌హామ్ వైద్యులు 336 మంది పిల్లలను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు ఇళ్లలో 12 వారాలు యంత్రాలు నడిపారు. చర్మం పరీక్షించే నర్సులకు ఎవరి ఇంట్లో యంత్రముందో తెలియనివ్వలేదు. చివరికి చూస్తే ఎగ్జిమా తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2011లో ఆ సంగతే ప్రచురించారు. ఎగ్జిమా తగ్గాలని స్నానపు నీళ్లలో కలిపే నూనెల మీద అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఏటా 2.3 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టేది. ఎగ్జిమా ఉన్న 482 మంది పిల్లలను ఏడాదిపాటు గమనించి, మామూలు చికిత్సకు తోడుగా ఈ నూనెలు చేసే మేలేమీ లేదని 2018లో తేల్చారు.

పనిచేయలేదన్న ఫలితానికి వాళ్లిచ్చే గౌరవం నన్ను బాగా ఆకట్టుకుంది. ఏ మందు అనవసరమో తెలిస్తే పేదవాడి డబ్బు మిగులుతుంది.

ఒక్క ఆసుపత్రితో ఇవి అయ్యే పనులు కావు. 2002లో బ్రిటన్ చర్మవైద్యులు ట్రయల్స్ కోసం ఒక ఉమ్మడి వేదిక పెట్టుకున్నారు. ఎవరైనా అక్కడ ఒక ప్రశ్న ముందుకు తేవచ్చు. ప్రశ్నను చెక్కే దగ్గర రోగులూ కూర్చుంటారు. కాలు ఎర్రగా వాచి, చలిజ్వరంతో మళ్లీ మళ్లీ తిరగబెట్టే సెల్యులైటిస్‌ను ఈ వేదిక తీసుకుంది. 28 ఆసుపత్రుల్లో 274 మందిని చేర్చుకుని, సగం మందికి ఏడాదిపాటు తక్కువ మోతాదు పెన్సిలిన్ ఇచ్చారు. మందు వాడినవారిలో నూటికి 22 మందికి తిరగబెడితే, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 37 మందికి తిరగబెట్టింది. లింఫ్ నిలిచిపోయి కాలు వాచి ఉన్నవారికి మాత్రం ఈ మేలు తక్కువగా కనిపించింది.

ఆ చివరి మాట మనకు సంబంధించినది. గోదావరి డెల్టా బోదకాలు తెలిసిన నేల. బోదకాలు ఉన్నవారికి పదేపదే వచ్చే జ్వరాన్ని ఎలా ఆపాలో నాటింగ్‌హామ్ మనకోసం తేల్చిపెట్టదు. బోరు నీళ్ల సంగతీ అంతే. వాళ్లు పరీక్షించింది కఠిన జలాన్ని, మన ఉప్పు నీళ్లను కాదు. తామర తగ్గాలంటే ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందివ్వాలా అన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే వెతుక్కోవాలి.

మనకు రోగుల కొరత లేదు, తెలివైన పీజీలకూ కొరత లేదు. 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రికి మన్యం నుంచీ కోనసీమ నుంచీ జనం వస్తారు. వైద్య కళాశాలల్లో పీజీ చేసే ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి. అయితే మన పద్ధతిలో ఎవరి అంశం వారిదే, ఎవరి కళాశాల వారిదే. ఒక్కో థీసిస్‌లో రోగుల సంఖ్య తక్కువ కావడంతో గట్టి జవాబు రాదు. డిగ్రీ వచ్చాక ఆ పుస్తకం లైబ్రరీ బీరువాలో ఉండిపోతుంది. కలిసి చేస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 12 కేంద్రాల వైద్యులు ముఖచర్మ సమస్యలున్న 2,926 మందిని పరీక్షించి, వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూతలు వాడుతున్నారని 2011లో లెక్కతో చూపించారు. చర్మవైద్యుల సంఘం పట్టు వదలలేదు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది.

జనానికి ట్రయల్ అంటే ఉన్న భయమూ ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో హాస్టల్ బాలికల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు. రోగికి అర్థమయ్యే తెలుగులో వివరించి, వద్దనే హక్కు ఉందని చెప్పి, ఫలితాన్ని మళ్లీ వాళ్లకే చెబితే పోయిన నమ్మకం తిరిగొస్తుంది.

పరిశోధనకు తోడ్పడడం కాకినాడకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ అండగా నిలిచింది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం అందించిన మెథోట్రెక్సేట్ మందును సోరియాసిస్‌కు ఇవాళ్టికీ వాడుతున్నారు. బోదకాలు పురుగుకు ఇచ్చే డీఈసీ కూడా అక్కడిదే.

కాకినాడ, విశాఖ, విజయవాడ, గుంటూరు ప్రభుత్వ వైద్య కళాశాలల చర్మవ్యాధుల విభాగాలు వచ్చే ఏడాది పీజీలకు ఒకే ప్రశ్న, ఒకే పద్ధతి ఇవ్వాలి. మొదటి ప్రశ్న తామరో బోదకాలు జ్వరమో, రోగులను పక్కన కూర్చోబెట్టుకుని నిర్ణయించండి.