దేవరగట్టు గాయములు: వైద్యునికి ముందటి చేయి

కర్నూలు జిల్లా పశ్చిమసీమలో, కన్నడదేశపు టెల్లకు చేరువగా, హొళగుంద మండలమున దేవరగట్టు గలదు. ఆ కొండపై వెలసిన మాళ మల్లేశ్వరస్వామికి విజయదశమినాటి నడిరేయి కల్యాణము జరుగును. పిదప ఉత్సవమూర్తులు కొండ దిగునపుడు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామములవా రొకవంకను, పరిసర గ్రామములవారు వేఱొకవంకను కఱ్ఱలు చేతబూని మూర్తులకై పెనగులాడుదురు. దీనినే బన్ని యుత్సవ మందురు. ఏటేట పదులకొలది జనులకు తలలు పగులుచున్నవి. దివిటీల నిప్పువలన కొందఱు కాలుచున్నారు. 2023వ సంవత్సరమున చెట్టుకొమ్మ విరిగిపడి ప్రాణనష్టము కూడ సంభవించినది.

ఈ యాచారము నిలువవలెనా, మానవలెనా యను వాదము పాతది. అధికారులు కఱ్ఱలను స్వాధీనపఱచుకొనుచున్నారు, పోలీసుబలగములను దింపుచున్నారు, గ్రామగ్రామమున హితవు చెప్పుచున్నారు. అయినను బన్ని సాగుచునే యున్నది. ఆ వాదమును తీర్చుటకు మేమిపుడు పూనుకొనలేదు. అది తీరులోపల తేలవలసిన ప్రశ్న మఱియొకటి గలదు. దెబ్బ తగిలిన క్షణమునకును, వైద్యుని చేయి సోకు క్షణమునకును నడుమ గాయపడినవానికి దిక్కెవరు?

కొండదగ్గఱ తాత్కాలిక వైద్యశిబిరము నేర్పఱచుచున్నారు. బలమైన గాయములవారిని ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు పంపుచున్నారు. ఇది మెచ్చదగినదే. కాని చీకటిలో, వేలకొలది జనసమ్మర్దములో, శిబిరము వఱకు గాయపడినవానిని చేర్చు టెట్లు? 2005లో తెలుగునాట మొదలైన 108 బండియైనను జనప్రవాహమును చీల్చుకొని పోజాలదు. పెద్ద రక్తనాళము తెగినచో కొలది నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. పైగా పలువురు శిబిరమునకే పోరు. స్వామి భండారమైన పసుపును గాయమున కద్దుకొని యింటికి నడచిపోవుదురు. భక్తిని మే మాక్షేపింపము. కాని పసుపు లోపలి నెత్తురు నాపజాలదు, ధనుర్వాతమునకు టీకాయును కాజాలదు.

ఇందు ముఖ్యమైన యపాయమును పాఠకులు గుర్తింపవలయును. తలకు దెబ్బ తగిలినవాడు క్షణకాలము తెలివి తప్పి, మరల లేచి, మాటలాడి, క్షేమముగ నున్నట్లే కనబడవచ్చును. ఆ లోపల కపాలమునకును మెదడునకును నడుమ నెత్తురు చేరుచుండవచ్చును. కొన్నిగంటలకు తలనొప్పి, వాంతి, మగత కలుగును. ఒక కంటిపాప పెద్దదగును. అలసి నిద్రించుచున్నాడని యింటివారు విడిచిపెట్టినచో తెల్లవాఱునప్పటికి మించిపోవును. ఈ లక్షణముల నెఱిగిన యువకు డొక్కడు చెంతనున్నను వాని నాసుపత్రికి చేర్పించును.

ఇది ఎవ్వరు నేర్వలేని విద్య కాదు. శుభ్రమైన గుడ్డతో గాయముపై గట్టిగ నదిమి పట్టుట. పుఱ్ఱె లోనికి నొక్కుకొనిపోయిన చోట నదుమకుండుట. మెడకు దెబ్బ తగిలెనని శంక యున్నచో తలను కదలనీయకుండుట. తెలివిలేనివాని నోట నీరు పోయక, ఊపిరి యాడునట్లు ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుట. కాలినచోట చల్లనినీటిని ఇరువది నిమిషములు పోయుట: ఇంతియ. చేయదగిన దెంతయో, చేయరానిదియు నంతయే ఈ శిక్షణములో ముఖ్యము.

నెత్తురు నిలుపుటకు సంధానము, స్కందనము, పాచనము, దహనము అను నాలుగు తెఱగులను సుశ్రుతు డేనాడో చెప్పినాడు. 1859లో సోల్ఫెరినో రణరంగమున దిక్కులేక పడియున్న క్షతగాత్రులను చూచిన హెన్రీ డ్యూనాంటు హృదయవేదననుండియే రెడ్‌క్రాసు పుట్టినది. నేడు అమెరికాలో కొండలకును అడవులకును పోవువారు, వైద్యుడు గంటలదూరమున నుండు చోట్లకై వేఱుగ ప్రథమచికిత్స నేర్చుచున్నారు. అందు ప్రాథమికశిక్షణమునకు పదునాఱు గంటలు చాలును. దశమి రాత్రి దేవరగట్టు అట్టి యడవి గాక మఱేమి?

ఈ విద్య యొక్కరాత్రి కొఱకే కాదు. చేనిలో పాము కఱచినపుడు కోయక, బిగించి కట్టక, అవయవమును కదలనీయక, విరుగుడు మందున్న యాసుపత్రికి వెంటనే చేర్చవలయును. కాలువలో మునిగినవానికి ఊపిరి యూదవలయును. పిడుగు పడినవానిని ముట్టినచో మనకు విద్యుత్తు సోకదు. గుండె నిలిచినను ఱొమ్ము నొక్కి బ్రదికింప వీలుగలదు. ఏడాది పొడుగున రైతుకుటుంబములకు పనికివచ్చు విద్య యిది.

కావున మా సూచన స్పష్టము. బన్నిలో పాల్గొను ప్రతి గ్రామమునుండియు, ఇరుపక్షములనుండియు, పదిమంది యువకులనైన నెన్నుకొని, శ్రావణ భాద్రపదములలో శిక్షణ మిప్పింపవలయును. ఆలూరు, ఆదోని వైద్యులు గురువులు కావలయును. రెడ్‌క్రాసువారు తోడు రావలయును. వారికి తెల్లని చేతిపట్టీ యొసగి, దానిని ధరించినవానిపై కఱ్ఱ యెత్తరాదని గ్రామపెద్దలు స్వామి యెదుట కట్టడి చేయవలయును. గాయపడినవానిని తెచ్చినవాని పేరడుగబోమని పోలీసువారు ముందుగనే చాటింపవలయును. రోడ్డు ప్రమాదములందు సాయపడువారికి 2016లో సుప్రీంకోర్టు తీర్పును, 2019లో మోటారు వాహనముల చట్టసవరణయు అట్టి రక్షణ నిచ్చియున్నవి గదా!

చికిత్స నేర్పుట కొట్లాటను ప్రోత్సహించుటయే యని కొంద ఱనవచ్చును. నూతికి గట్టు కట్టువాడును, పడినవానిని తీయువాడును ఒకరికొకరు విరోధులు కారు. వ్యయ మందురా? ప్రత్తికి పేరుగన్న ఆదోని వర్తకులకును, నేతకు పేరుగన్న ఎమ్మిగనూరు వారికిని కట్టుగుడ్డ బరువగునా? భూస్వాములు తమ పాలేరు బిడ్డతోపాటు తమ బిడ్డను గూడ ఈ శిక్షణమునకు పంపుదురుగాక. వచ్చు దశమినాటికి ప్రతి యూరనుండియు కఱ్ఱపట్టు చేతులతోబాటు కట్టుకట్టు చేతులును కొండకు రావలయును.