మాలేలో మన మనిషి ఎవరైనా ఒకటేనా?

మాల్దీవులు వార్తల్లోకెక్కినప్పుడల్లా ఒక వాదన వినిపిస్తుంది. ఐదు లక్షల పైచిలుకు జనమున్న దేశానికి మన హైకమిషనర్‌గా ఎవరు వెళ్తే ఏమిటి, వేడుకలకు హాజరవడం, ఒప్పందాల సంతకాలకు వేదిక సిద్ధం చేయడమే కదా ఆ ఉద్యోగం అంటారు. అసలు సంగతులు ప్రధానమంత్రీ అధ్యక్షుడూ ఫోన్లో తేల్చుకుంటారట. ఈ అభిప్రాయం తప్పు. దీన్ని నమ్మినంతకాలం నష్టపోయేది మనమే. రాజధాని మాలేలో మన కార్యాలయం చరిత్ర చూస్తే చాలు, ఆ సంగతి తెలుస్తుంది.

1965లో మాల్దీవులు స్వతంత్రమైనప్పుడు ముందుగా గుర్తించిన దేశాల్లో భారత్ ఒకటి. అయినా మాలేలో కార్యాలయం 1972లో గానీ తెరవలేదు, అదీ ఛార్జ్ డి అఫైర్స్ స్థాయిలో. హైకమిషనర్ అక్కడే నివాసం ఉండటం 1980లో మొదలైంది. మన మినికాయ్ దీవికి 70 నాటికల్ మైళ్ల దూరంలో ఉన్న దేశానికి పూర్తిస్థాయి ప్రతినిధిని పంపడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఆ ప్రతినిధి విలువ 1988 నవంబరు 3న తెలిసింది. శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ప్లాట్ మనుషులతో మాలేలో తిరుగుబాటు జరిగింది. అధ్యక్షుడు గయూమ్ సాయం కోరారు. ఆ రాత్రికే ఆగ్రా నుంచి బయల్దేరిన మన పారాట్రూపర్లు హుల్హులే విమానాశ్రయంలో దిగారు. ఆపరేషన్ కాక్టస్ అనగానే మనం సైన్యం వేగాన్ని తలచుకుంటాం, అందుకు అది అర్హమే. అయితే సెలవుపై ఢిల్లీలో ఉన్న హైకమిషనర్ ఎ.కె. బెనర్జీని ఎందుకు మరచిపోవాలి? సైనికాధికారులు ముందు పెట్టుకున్న చిత్రం హుల్హులేది కాదనీ, దేశానికి దక్షిణపు కొసన ఉన్న గాన్ విమానాశ్రయానిదనీ ఆయనే పట్టుకున్నట్టు ఆ చర్యపై వచ్చిన కథనాలు చెబుతున్నాయి. తర్వాత ఆయన కూడా సైనికులతోపాటు విమానమెక్కారు. ఆ నేలపై తిరిగిన మనిషికి తెలిసిన విషయం ఏ ఫోన్ సంభాషణలో దొరుకుతుంది?

2013 ఫిబ్రవరిలో అరెస్టు వారంటు ఎదుర్కొంటున్న మాజీ అధ్యక్షుడు నషీద్ మన హైకమిషన్‌లో ఆశ్రయం తీసుకుని పది రోజులు అక్కడే ఉన్నారు. అప్పటి హైకమిషనర్ జ్ఞానేశ్వర్ ములే. బయట పోలీసులు, లోపల ఒక దేశ మాజీ అధినేత. ఒక్క తొందరపాటు మాట దొర్లినా రెండు దేశాల మధ్య చిచ్చు రేగేది. వేడుకలకు హాజరయ్యే ఉద్యోగి నెట్టుకురాగలిగే పరిస్థితి కాదది.

ములే ఉండగానే, 2012 నవంబరులో, రాజాంలో మూలాలున్న జీఎంఆర్ సంస్థకిచ్చిన మాలే విమానాశ్రయ ఒప్పందం రద్దయింది కదా అని అడగవచ్చు. రద్దయింది. అధ్యక్షుడి ప్రతినిధి ఒకరు బహిరంగ సభలో ములేను దేశానికి శత్రువన్నారు కూడా. ఒక దేశ రాజకీయాన్ని రాయబారి ఒక్కడే మార్చలేడు. కానీ చెడిన సంబంధాన్ని తెగిపోనీయకుండా నిలబెట్టేది ఆ కార్యాలయమే. 2024 జనవరిలో అక్కడి ఉపమంత్రులు మన ప్రధానిని కించపరిస్తే, ఇక్కడ బహిష్కరణ పిలుపులు మార్మోగాయి. ఆ కోపాల నడుమే దౌత్యాధికారులు కూర్చుని మాట్లాడుకున్నారు. మే 10 నాటికి అక్కడున్న మన సైనికులు వెనక్కి వచ్చారు. వారి స్థానంలో పౌర నిపుణులు వెళ్లడంతో రోగులను తరలించే హెలికాప్టర్లు, విమానం అక్కడే పనిచేశాయి. అదే ఏడాది అక్టోబరులో మాల్దీవుల అధ్యక్షుడు ముయిజ్జు ఢిల్లీ వచ్చారు. 2025 జులైలో మాల్దీవుల 60వ స్వాతంత్ర్య వేడుకలకు మోదీ అతిథిగా వెళ్లారు.

చైనా 2011లోనే మాలేలో రాయబార కార్యాలయం తెరిచింది. దశాబ్దాలపాటు కొలంబో నుంచే పని నడిపిన అమెరికా కూడా 2023లో అక్కడికి తొలి నివాస రాయబారిని పంపింది. హిందూ మహాసముద్రపు ఓడదారుల విలువ తెలిసిన దేశాలు జనాభాను చూసి రాయబారి అవసరాన్ని కొలవవు.

పైగా దేశం ఎంత చిన్నదైతే రాయబారి పలుకుబడి అంత పెద్దది. మాలేలో మంత్రి, ప్రతిపక్ష నేత, సంపాదకుడు నాలుగు వీధుల దూరంలో ఉంటారు. అందరినీ కలిసే మనిషి చాలా చేయగలడు. ఎవరినీ కలవని మనిషి అంతకంత చెడగొట్టగలడు.

అందుకే మాలేకు వెళ్లేవారి ఎంపికను విదేశాంగ శాఖ కీలక రాజధానుల స్థాయిలో చూడాలి. వెళ్లేవారికి అక్కడి భాష ధివేహి నేర్పాలి. మినికాయ్‌లో మన పౌరులు మాట్లాడే మహల్ దాని మాండలికమే కాబట్టి నేర్పేవారికి కొరత లేదు. పదవీకాలం ముగిసినవారు నేర్చుకున్నది తర్వాతివారికి అందే ఏర్పాటు ఉండాలి. ఇవి జరుగుతున్నాయా అని పార్లమెంటు ఏటా అడగాలి. పొరుగుదేశంతో మన సంబంధం రోజూ నడిచేది ఆ కార్యాలయంలోనే. అక్కడ ఎవరున్నా ఒకటేననడం, ఆ సంబంధం ఏమైనా మనకు ఒకటేననడమే.