రాగితీగె గాలమూ, మానేరు నీళ్ళూ

అమెరికాలోని మిచిగన్‌లో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు సెలవులకు కరీంనగరం వచ్చి, వెంట తెచ్చిన తీగెచుట్టను నా ముందుంచాడు. సన్నని రాగిపోగులను పేనిన తీగె అది. "చేపలు పట్టే దారం సార్! మన మానేరులో పడవ మాట్లాడుకొని దీనితో ప్రయత్నిద్దాం" అన్నాడు.

గాలాన్ని నేను నిఘంటువులో 'బడిశము'గా ఎరిగినంతగా నీళ్ళలో ఎరుగను. అయినా ఏ దారం ఏ నీటికి తగునన్నది ఔచిత్యానికి సంబంధించిన ప్రశ్న. ఔచిత్యం గురించి నాలుగు మాటలు చెప్పే అధికారం తెలుగు పండితునికి ఉన్నదనుకొంటాను.

కదిలే పడవ వెనుక ఎరను ఈడ్చుకొంటూ పోయే పద్ధతిని ట్రోలింగ్ అంటారు. మనం 'ఈడ్పుగాలం' అందాం. మిచిగన్ సరస్సు లోతు ఒకచోట 281 మీటర్ల దాకా ఉన్నది. అందులో 1966, 1967 సంవత్సరాలలో వదలడం మొదలుపెట్టిన సాల్మన్ జాతి చేపలు, వేసవిలో పైనీరు వెచ్చబడగానే చల్లని లోతులకు దిగిపోతాయి. ఎరను అక్కడికి చేర్చాలంటే దారానికే బరువుండాలి. నైలాన్ నీటికంటె ఏ కొంచెమో బరువు. రాగి దాదాపు 9 రెట్లు బరువు. మెల్లగా సాగే పడవ వెనుక 100 అడుగుల రాగితీగె వదిలితే ఎర ఇంచుమించు 20 అడుగులు దిగుతుందని అక్కడివారి లెక్క. వేగం పెరిగితే ఆ లోతు తగ్గుతుంది. రాగితీగె మెలిపడితే తెగుతుంది, పైగా చేప కంటబడుతుంది. కనుక చివర కొంత మేర నైలాన్ దారం ముడివేస్తారు. ఆ నీటికి అది తగిన సాధనమే.

మరి మన నీటికో? 1985లో పూర్తయిన దిగువ మానేరు జలాశయంలోని చేపల తీరు వేరు. కొర్రమీను గాలి పీల్చడానికి మాటిమాటికి పైకి వస్తుంది. గడ్డీ నాచూ ఉన్న ఒడ్డునీళ్ళే దాని నెలవు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రోహు నడిమి నీటిలో. ఈ రెండూ పరుగెత్తే ఎరను తరిమి పట్టే చేపలు కావు. "అడుగున తిరిగే వాలుగ ఉన్నది కదా సార్" అని శిష్యుడు వాదించాడు. ఆ మాట నిజమే. కాని దానికి తంగూసు దారానికి సీసపుగుండు కట్టి, ఒక్కచోట నిలిపి కూర్చుంటే చాలును. అంతకుమించి మూడువందల అడుగుల రాగితీగెను ఈడ్చుకొంటూ పోవడమెందుకు?

పోతే ఏమి తగులుతుంది? మునిగిన ఊళ్ళ మొండిగోడలు, చెట్ల మోళ్ళు, అన్నిటికంటె ముఖ్యంగా వలలు తగులుతాయి. ఈ జలాశయం మత్స్య సహకార సంఘాల వారికి జీవనాధారం. సాయంత్రం కట్టిన వలను తెల్లవారి తీసేదాకా ఆ ఇంటి ఆశ నీటిలోనే ఉంటుంది. ఒడ్డున వల బాగుచేసుకొంటున్న ఒక పెద్దమనిషికి తీగెను చూపించాం. ఆయన దానిని వేళ్ళమధ్య నలిపి చూసి, "సారూ, గీ తీగెకు చేప వడుడు దేవుడెరుగు, మా వలలైతే తెగుతయి" అన్నాడు. మేము గంటసేపు చేసిన చర్చను ఆయన ఒక్క వాక్యంలో ముగించాడు.

గాలానికి దారం ఎంచుకోవడమంటే దాని గట్టిదనం చూడటం మాత్రమే కాదని నా అభిప్రాయం. చేప ఏ లోతున తిరుగుతుంది, అడుగున ఏమున్నది, ఆ నీటిమీద ఎవరి బతుకు ఆధారపడి ఉన్నది అన్న మూడింటినీ విచారించాలి. మొదటి రెండు ప్రశ్నలకు రాగి చాలవరకు నిరర్థకమైతే, మూడవదానికి అపకారి. వినోదానికి వెళ్ళినవాడు చేప లేకుండా తిరిగివచ్చినా ఇంట అన్నం ఉంటుంది. వల తెగినవాని సంగతి అది కాదు.

శిష్యుడు తీగెను మళ్ళీ పెట్టెలో పెట్టుకొన్నాడు. మర్నాడు వెదురుకర్ర, తంగూసు, బెండుతో ఒడ్డున కూర్చున్నాం. చేపలేవీ పడలేదు, వలలేవీ తెగలేదు.

తంగూసును మీ మీ ఊళ్ళలో ఏమంటారో తెలిపితే సంతోషిస్తాను.