నిశ్శబ్దం కాని సముద్రం

సముద్రగర్భం నిశ్శబ్ద ప్రపంచమని మానవుడు చాలాకాలం భావించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శత్రు జలాంతర్గాముల జాడ తెలుసుకునేందుకు అమెరికా నౌకాదళం నీటి అడుగున హైడ్రోఫోన్లను అమర్చింది. వాటిలో గురకలు, టకటకలు, డోలు మోతలు వినిపించాయి. అవి యంత్రాలవో ప్రాణులవో తేల్చవలసిన అవసరం ఏర్పడింది.

ఆ పనికి దాదాపు రెండు దశాబ్దాలు వెచ్చించిన శాస్త్రవేత్త మేరీ పోలండ్ ఫిష్ (1900-1989). రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని నరగాన్సెట్ సముద్ర పరిశోధనాలయంలో, నౌకాదళం సహాయంతో, ఆమె ఒక్కొక్క జాతి ప్రాణి ధ్వనినీ విడివిడిగా విని నమోదు చేశారు. 300కు పైగా జాతులను ఆ విధంగా పరిశీలించారు. ఆ కృషికి నౌకాదళం 1966లో ఆమెను సత్కరించింది.

చేపకు పైకి కనిపించే చెవి లేదు. తలలోపలి చెవిలో ఉండే చిన్న రాళ్లే దానికి ధ్వనిని తెలియజేస్తాయి. క్రోకర్ చేప తన పొట్టలోని గాలితిత్తిని కండరాలతో కంపింపజేసి డోలులా మోగిస్తుంది. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించే ధ్వని నీటిలో సుమారు 1,500 మీటర్లు సాగుతుంది. చూపు ఆగిపోయే చీకటి నీటిలో జతను పిలిచేందుకు అదే ఆధారం.

ఆకాశాలు, భూమి, వాటిలోని సమస్తమూ అల్లాహ్‌ పవిత్రతను కొనియాడుతున్నాయనీ, ఆ స్తుతి మానవులకు అర్థం కాదనీ దివ్య ఖుర్ఆన్ (17:44) బోధిస్తోంది. హైడ్రోఫోన్ పట్టుకున్నది ఆ స్తుతేనని మనం చెప్పజాలము. ఆ జ్ఞానం అల్లాహ్‌కే ఉంది. అయితే మన చెవికి అందనిది లేనే లేదనుకోవడం అహంకారమని మాత్రం ఈ పరిశోధన రుజువు చేసింది.

వినడంతోపాటు మరో బాధ్యత కూడా ఉంది. 2001 సెప్టెంబరులో కెనడాలోని ఫండీ అఖాతంలో కొన్నాళ్లు ఓడల రాకపోకలు తగ్గి, నీటిలోని రొద తగ్గింది. అక్కడి రైట్ తిమింగలాల శరీరంలో ఒత్తిడిని సూచించే హార్మోన్లు కూడా తగ్గినట్లు శాస్త్రవేత్తలు 2012లో వెల్లడించారు. మన ఓడల రొద ఆ మూగజీవులకు ఎంత భారమో అప్పుడుగాని తెలియలేదు.

స్వరం తగ్గించమని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితవు (31:19) మనకు సుపరిచితమే. భూమిపై అల్లాహ్ ప్రతినిధిగా నియమితుడైన మానవుని రొద తోటి ప్రాణి పిలుపును ముంచివేయరాదు. ఈ శిక్షణ మొదలు కావలసింది ఇంటినుంచే. పెద్ద గొంతుల మధ్య వినబడకుండా పోతున్న చిన్నారి మాటకు, వృద్ధురాలి మాటకు ముందుగా చెవి ఒగ్గుదాం.