‘మసక మసక’ మనదే

ఎల్.ఆర్. ఈశ్వరి గారి పాటల్ని మా కురబలకోటలో రేడియోలో వినేవాళ్ళు గానీ, ఇంటి ఆడపిల్లని పాడనిచ్చేవాళ్ళు కాదు. అవి క్లబ్బు డాన్సుల పాటలంట! 1973లో ‘దేవుడు చేసిన మనుషులు’ సినిమాకి ఆమె పాడిన ‘మసక మసక చీకటిలో’ కూడా ఆ లెక్కలోదే.

పాప్ సింగర్ స్మిత అదే పాటని రీమిక్స్ చేసి, ఆల్బమ్‌కి ‘మసక మసక’ అనే పేరు పెట్టింది. నాకైతే డ్రమ్ముల మోత ఎక్కువనిపించింది. ఈశ్వరి గారి గొంతులో విరుపు ఇందులో లేదు. అయినా ఈ ఆల్బమ్ నాకిష్టం. సినిమాలో గొంతు ఒకరిది, ముఖం ఇంకొకరిది. ఇక్కడ పాడిన ఆడమనిషే తన పేరుతో ముందుకొచ్చి నిలబడింది. పాట మారలేదు, పాడినామె నిలబడిన చోటు మారింది.

వంటింట్లో కూతురు కూనిరాగం తీస్తే, “ఏం పాటలే అవి?” అని గదమాయించకండి అక్కా. వీలైతే గొంతు కలపండి.