కాపలా కొలువులు ఖాళీ

ఏటా జూన్ 5న మన కాలేజీల్లో ఒక బ్యానరు లేస్తుంది. ముఖ్య అతిథి మొక్క నాటి, ఫొటో దిగి, రేపటి ఉద్యోగాలన్నీ హరిత ఉద్యోగాలేనని చెప్పి కారెక్కుతారు. అలాంటి మాటే నమ్మి పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీయో ఎంటెక్కో చేసిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారని ఆయన్ని ఎవరూ అడగరు. కొందరు బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో ఉన్నారు. కొందరు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నారు. వాళ్లు చేయాల్సిన పని దేశంలో బోలెడంత ఉంది. ఆ పనికి చట్టం ఉంది, మంజూరైన పోస్టూ ఉంది. అందులో మనిషిని కూర్చోబెట్టే ఉద్దేశమే మన ప్రభుత్వాలకు లేదు.

1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం కింద పుట్టినవి కాలుష్య నియంత్రణ మండళ్లు. అర్ధశతాబ్దం గడిచాక చూస్తే రాష్ట్రాల మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు కేంద్ర మండలి స్వయంగా ఇచ్చిన లెక్క ఇది. చలికాలం వస్తే ఊపిరాడని ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాష్ట్రాల సంగతి మరీ చిత్రం. 2025 ఏప్రిల్ 30లోగా ఖాళీలు నింపమని సుప్రీంకోర్టు గడువు పెడితే ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హరియాణా, రాజస్థాన్ ప్రభుత్వాలు దాన్ని హాయిగా దాటేసి, మేలో కోర్టు ధిక్కార నోటీసులు అందుకున్నాయి. ఉద్యోగం ఇవ్వమని నిరుద్యోగులు సర్కారు వెంటపడటం మామూలే. ఉద్యోగిని పెట్టుకోమని సుప్రీంకోర్టే వెంటపడాల్సి రావడం ఈ శాఖలోనే చూస్తాం.

డబ్బు లేదనే సాకు ఇక్కడ చెల్లదు. పరిశ్రమలు కట్టే అనుమతి ఫీజులే ఈ మండళ్లకు పెద్ద ఆదాయం. అసలు కారణం ఏ కాగితం మీదా ఉండదు గానీ, ఆఫీసు అటెండరుకు కూడా తెలుసు. ఖాళీ కుర్చీ వాగులోకి దిగి శాంపిల్ తీయదు. నోటీసు రాయదు. ఎమ్మెల్యే ఫోను చేసి బతిమాలాల్సిన అవసరమూ రానివ్వదు. ఇక నిండిన కుర్చీల్లో పెద్దది, అంటే చైర్మన్ పదవి, ఎవరికి దక్కుతుందో చెప్పనక్కర్లేదు. అర్హతలకు ఆరు నెలల్లో నిబంధనలు రాసుకోమని 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చిందంటే, అంతవరకు ఏ అర్హత చూసి కూర్చోబెట్టారో ఊహించుకోవచ్చు.

ఈ కొలువులు ఖాళీగా ఉంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం మీద ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. 12 మంది చనిపోయారు. తమ కర్మాగారానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019 మేలో అధికారులకు అఫిడవిట్ ఇచ్చుకుంది. ఏడాది పాటు ఆ కాగితం ప్రభుత్వం చేతిలోనే ఉంది. దాన్ని చదివి, అర్థం చేసుకుని, గేటుకు తాళం వేయించడమే ఒక ఉద్యోగం. అటు పటాన్‌చెరు, బొల్లారం రసాయన వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరకు చేరిన కథ 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. హైకోర్టు మీదుగా హరిత ట్రైబ్యునల్ దాకా తిరిగింది. ఆ కేసు మొదలైనప్పుడు బడికి వెళ్తున్న పిల్లలకు ఇప్పుడు నడివయసు.

ప్రభుత్వంలో లేకపోతే ప్రైవేటులో చేరమంటారు. చేరితే దొరికేది కన్సల్టెన్సీ ఉద్యోగం. గని తవ్వాలన్నా, ఫ్యాక్టరీ పెట్టాలన్నా 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. ఆ నివేదిక రాసే కన్సల్టెంట్‌ను పెట్టుకునేదీ, బిల్లు చెల్లించేదీ గని యజమానే. పెళ్లికొడుకు గుణగణాలను పెళ్లికొడుకు తండ్రే రాసిచ్చినట్టుంటుంది ఆ నివేదిక. రత్నగిరి జిల్లా బాక్సైట్ గని నివేదికలో రష్యాలోని గని తాలూకు పేరాలకు పేరాలు దొరికి నవ్వులపాలైన ఉదంతం ఉండనే ఉంది. ప్రాజెక్టు పెట్టేవాడే నివేదిక తయారు చేయించుకునే ఈ పద్ధతిని 2011లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశే బహిరంగంగా ఎద్దేవా చేశారు. ఎద్దేవా చేసినా పద్ధతి మారలేదు. ఈ కన్సల్టెన్సీ గదుల్లో మన ఎమ్మెస్సీ పిల్లలు మొదట నేర్చుకునేది ఏ వాగును పటంలో చూపకూడదో. పెద్ద కంపెనీల సుస్థిరత విభాగాల్లో జీతాలు మెరుగే. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇచ్చి తీరాలని సెబీ నిబంధన పెట్టాక ఆ కొలువులు పెరిగాయి కూడా. కాకపోతే అక్కడి పని ఎక్కువగా ఎక్సెల్ షీట్లతో. పొగగొట్టం దగ్గరికి వెళ్లాల్సిన అవసరం పెద్దగా పడదు.

సౌర విద్యుత్తు వస్తే పల్లెలకు ఉపాధి అన్నారు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సౌర పార్కు దాదాపు 6 వేల ఎకరాల్లో పరుచుకుంది. ఇలాంటి పార్కులో కట్టడం పూర్తయ్యాక చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు మిగిలేది పలకలు కడగడం, గడ్డి కోయడం, గేటు దగ్గర కాపలా. ఇక ఈ సమాజంలో నిజంగా రోజూ పర్యావరణాన్ని మోసేవాళ్లను ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో గ్రీన్ అంబాసిడర్లు అంటారు. చెత్తబండి తోసే మనిషికి రాయబారి హోదా! జీతం మాత్రం గౌరవ వేతనం, అదీ నెలల తరబడి బకాయి పడితే ధర్నా చేసి తెచ్చుకోవాలి. పట్టణాల్లో మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు 2023 డిసెంబరు చివర సమ్మెకు దిగింది కూడా జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసమే.

ఇంత జరుగుతున్నా ప్రభుత్వాల దగ్గర ఎప్పుడూ ఒకే మందు ఉంటుంది: శిక్షణ. హైదరాబాద్‌లో పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ 1992 నుంచీ ఉంది. సౌర పలకలు బిగించడం నేర్పడానికి సూర్యమిత్ర అన్నారు. 2021 నాటికి 5 లక్షల మందికి పైగా యువతకు హరిత నైపుణ్యం అన్నారు. ఈత నేర్పుతూనే ఉన్నారు, చెరువులో నీళ్లు మాత్రం వదలరు. 1991లో సుప్రీంకోర్టు చెప్పిన పుణ్యాన ప్రతి డిగ్రీ విద్యార్థీ పర్యావరణాన్ని పాఠంగా చదవాల్సిందే. అది చదివి దాన్నే బతుకుతెరువు చేసుకోవాలనుకున్నవాడి దగ్గరికి వచ్చేసరికి వ్యవస్థకు మతిమరుపు పట్టుకుంటుంది.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష చూడండి. డిగ్రీలో జంతుశాస్త్రమో, వృక్షశాస్త్రమో, భౌతికశాస్త్రమో, గణితమో, గణాంకశాస్త్రమో ఉంటే అర్హులు. ఇంజినీరింగ్ ఏ శాఖదైనా సరే. అర్హత జాబితాలో పర్యావరణ శాస్త్రం పేరు లేదు, ఐచ్ఛిక సబ్జెక్టుల్లోనూ లేదు. యంత్రాల డిజైన్ చదివినవాడు అడవికి అధికారి కావచ్చు. ఆ జాబితాలోని సబ్జెక్టు ఒక్కటీ లేకుండా పర్యావరణమే చదివినవాడు దరఖాస్తు కూడా పెట్టలేడు. ఆ పేరు చేర్చడానికి బడ్జెట్ అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు, గెజెట్‌లో ఒక్క మాట చాలు. ఆ సర్వీసును నడిపే కేంద్ర మంత్రిత్వశాఖ పేరులో మొదటి మాటే పర్యావరణం.