డబ్బు చేతిలో తటస్థత

ఎవరైనా సవరించవచ్చునన్న నియమంతో 2001లో ప్రారంభమైన వికీపీడియాను నేడు మన కార్మికుల బిడ్డలు పాఠ్యపుస్తకంతో సమానంగా నమ్ముతున్నారు. ఆ "ఎవరైనా"లో డబ్బుగలవాడూ వున్నాడన్న సంగతిని మనం విస్మరిస్తున్నాము.

ఐ.ఐ.పి.ఎం. ఉదంతాన్నే చూడండి. పత్రికలలో పూర్తి పేజీ ప్రకటనలతో విద్యార్థులను ఆకర్షించిన మేనేజిమెంటు విద్యాసంస్థ అది. దానికి పట్టాలిచ్చే అర్హత లేదని యు.జి.సి. 2012లో ప్రకటించింది. 2013లో గ్వాలియరు కోర్టు ఉత్తర్వుపై, ఆ సంస్థను విమర్శించే 70కి పైగా ఇంటర్నెట్ పుటలను ప్రభుత్వం నిలిపివేయించింది, వాటిలో యు.జి.సి. ప్రకటన కూడా వున్నది! సంస్థ విద్యార్థులను తప్పుదారి పట్టించిందని 2014లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది.

ఈ కాలంలోనే "వైఫైవన్" అనే మారుపేరుగల సంపాదకుడు వికీపీడియాలో ఆ సంస్థకు అనుకూలంగా కలం నడిపాడు. 2010 నుండి అతనికి నిర్వాహకుని అధికారాలు కూడా వున్నాయి. విమర్శ వచ్చినప్పుడల్లా నియమావళిని చూపి దానిని పక్కకు నెట్టాడు. చివరకు 2015 ఫిబ్రవరిలో అక్కడి మధ్యవర్తుల సంఘం అతనిని బహిష్కరించింది. అతడెవరో, ఎవరి తరఫున పనిచేశాడో రుజువు కాలేదు. అప్పుచేసి ఫీజు కట్టిన తండ్రికి ఆ రుజువుతో పనేమిటి? ఆయనకు కావలసిన సమాచారం కావలసిన రోజున అక్కడ సరిగా లేదు. అదే అసలు నేరం.

ఇరుపక్షాల వాదనలకు చోటివ్వడమే తటస్థత అని కొందరు పెద్దమనుషులు ఉపదేశిస్తారు. అంగడివాని అరుపుకు సగం, తూనికల అధికారి నివేదికకు సగం చోటు కేటాయించడం తటస్థతా?

డబ్బు పుచ్చుకొని రాసేవారు ఆ సంగతిని వెల్లడించాలని 2014 జూన్‌లో నిబంధన వచ్చింది. మరుసటి ఏడాదే 381 దొంగ ఖాతాలను మూసివేయవలసి వచ్చింది. ఆ ముఠా వ్యాపారుల వద్ద డబ్బు గుంజి వ్యాసాలు ప్రచురించి, వాటిని "కాపాడేందుకు" నెలనెలా మరికొంత అడిగింది. అచ్చంగా బజారు మామూళ్ల పద్ధతే!

అయితే మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. మన సమాఖ్య పుటను మనమే దిద్దుకుందామని కొందరు మిత్రులు సూచిస్తున్నారు. నేను అంగీకరించను. మేనేజరే తన ఫ్యాక్టరీ తనిఖీ నివేదికను రాసుకుంటే గేటు ముందు ధర్నా చేసేవాళ్లం మనం. పుటలో తప్పు వుంటే పేరు, హోదా చెప్పుకొని, ఆధారాలు చూపి, చర్చాపుటలో సవరణ కోరుదాము. దిద్దే పని మనతో సంబంధం లేనివారు చేస్తారు. ఆలస్యమైతే కానివ్వండి.